శనివారం రాత్రి మూడు బీర్లు, ఎనిమిది నెలలుగా కదలని టైమింగ్

తమ్ముడూ, ముందు నువ్వు అడిగింది సరిగ్గా అర్థమైందో లేదో చూసుకుంటా. నీకు 19 ఏళ్లు, బరువు 62 కిలోలు, 800 మీటర్లు పరిగెడతావు. వారమంతా ఒళ్లు వంచి కష్టపడతావు. శనివారం పొద్దున గట్టి సెషన్ గానీ పోటీ గానీ ఉంటుంది, ఆ రాత్రి తోటి కుర్రాళ్లతో కూర్చుని మూడు పెద్ద బీర్లు తాగుతావు, ఆదివారం పొద్దున ఒక గంట తేలిక పరుగు, సోమవారం మళ్లీ మామూలే. టైమింగ్ ఎనిమిది నెలలుగా 1:58 (నిమిషం 58 సెకన్లు) దగ్గరే నిలబడిపోయింది. వారానికి ఒక్కసారే కదా, అదీ పోటీ అయిపోయాకే కదా, దీనివల్ల ఆటకి నిజంగా నష్టముందా లేక పెద్దవాళ్లు ఊరికే భయపెడుతున్నారా అని అడిగావు. కోచ్‌కి చెప్పాలా వద్దా అని చివర్లో ఇంకో ప్రశ్న పెట్టావు.

నేను ఇరవై రెండేళ్లుగా మిడిల్ డిస్టెన్స్ పిల్లలకి కోచింగ్ ఇస్తున్నాను. అంతకు ముందు నేనూ పరిగెత్తాను, నేనూ తాగాను, కాబట్టి నీతులు చెప్పే మొహం నాకు లేదు. డాక్టర్ని కూడా కాదు. చూసింది, చదివింది, నా ఒంటి మీద తెలుసుకున్నది రాస్తున్నాను.

భయపెట్టను. శనివారం మూడు బీర్లు తాగినందుకు సోమవారం నీ కాళ్లు పడిపోవు. పడిపోతే ఒకందుకు మంచిదే, నీకే తెలిసొచ్చేది. జరిగేదేంటంటే శనివారం పొద్దున నువ్వు చేసిన సెషన్ ఒంటికి పట్టదు, పట్టినా సగంసగం పడుతుంది. తిన్న తిండి ఒంటికి పట్టకపోతే మనిషి చిక్కిపోవడం కంటికి కనిపిస్తుంది గానీ, చేసిన ప్రాక్టీస్ పట్టకపోతే ఏమీ కనిపించదు, నువ్వు నిన్న ఎలా ఉన్నావో ఇవాళా అలాగే ఉంటావు. 1:58 అలాగే ఉంటుంది. "తాగినా నా టైమింగ్ చెడలేదుగా" అని నీ స్నేహితులు అంటున్నారని రాశావు చూడు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. పందొమ్మిదేళ్ల వయసులో, అంత ప్రాక్టీస్ చేస్తూ, టైమింగ్ చెడిపోకపోవడం ఒక ఘనత కాదు. ఆ వయసులో అది మెరుగవుతూ ఉండాలి.

ఇది ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే కారణం తెలియకుండా "మానెయ్" అంటే ఎవరూ మానరు.

గ్రౌండ్‌లో మనం చేసేది ఒక రకంగా కండరాన్ని పాడు చెయ్యడమే. 300 మీటర్ల రిపీట్లు, అంటే మధ్యలో ఆగి మళ్లీ మళ్లీ పరిగెత్తేవి, ఆరు కొట్టి పక్కకి వచ్చేసరికి నీ కాళ్లు పొద్దుటికంటే బలహీనంగా ఉంటాయి. తర్వాత, నువ్వు తిని పడుకున్నాక, దెబ్బతిన్న చోట ఒళ్లు కొత్త ప్రోటీన్ అల్లుకుంటుంది, ఖాళీ అయిన గ్లైకోజెన్‌ని, అంటే కండరంలో దాచుకున్న చక్కెర నిల్వని, మళ్లీ నింపుకుంటుంది, ఈసారి ఇంతకంటే గట్టి దెబ్బ తగిలినా తట్టుకునేలా సర్దుకుంటుంది. ఈ పని సెషన్ అయిన గంటల్లోనే జోరందుకుని ఒక రోజు పైనే సాగుతుంది. నువ్వు మందు పోస్తున్నది సరిగ్గా ఆ గంటల్లోనే. "పోటీ అయిపోయాకే కదా తాగేది" అన్నావు, పోటీ ముందు రాత్రి తాగడం తప్పని అందరికీ తెలుసు గానీ తర్వాత రాత్రి మాత్రం ఖాళీ రాత్రి అనుకుంటారు. అది ఖాళీ రాత్రి కాదు.

2014లో ఆస్ట్రేలియాలో దీని మీద ఒక పరిశోధన చేశారు. ఒళ్లు బాగున్న ఎనిమిది మంది మగవాళ్ల చేత బరువులు ఎత్తించి, సైకిల్ తొక్కించి, ఆ తర్వాత ఒకసారి ప్రోటీన్ మాత్రమే ఇచ్చారు, ఇంకోసారి ప్రోటీన్‌తో పాటు మందు, మరోసారి ప్రోటీన్ లేకుండా కార్బోహైడ్రేట్‌తో మందు. తొడ కండరం నుంచి చిన్న ముక్క తీసి, కొత్త ప్రోటీన్ ఎంత తయారవుతోందో కొలిచారు. ప్రోటీన్ మాత్రమే తీసుకున్నప్పటితో పోలిస్తే, ప్రోటీన్ తీసుకుని కూడా మందు తాగినప్పుడు ఆ తయారీ 24 శాతం తగ్గింది. ప్రోటీన్ లేకుండా తాగినప్పుడు 37 శాతం తగ్గింది. అంటే "తాగినా ప్రోటీన్ షేక్ కొట్టేస్తా, సరిపోతుంది" అనుకునేవాళ్లకి కొంత ఊరట ఉంది గానీ పూర్తిగా లేదు.

వాళ్లు తాగింది చాలా ఎక్కువలే అంటావేమో. కిలో బరువుకి 1.5 గ్రాముల ఆల్కహాల్, నిజంగానే ఎక్కువ. ఇప్పుడు నీ లెక్క వేద్దాం. 650 మిల్లీలీటర్ల సీసా, 5 శాతం బీరు అనుకుంటే, ఒక్కోదానిలో దాదాపు 26 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మూడు సీసాలకి 77 గ్రాములు. నీ 62 కిలోలకి పంచితే కిలోకి 1.2 పైన. ఆ పరిశోధనలో తాగించిన దానికి నువ్వు మరీ దూరంలో ఏమీ లేవు. అదే 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరైతే ఒక్క సీసాలోనే 40 గ్రాములు దాటుతుంది, మూడు తాగితే వాళ్లని మించిపోయావు. మనం "మూడు బీర్లే కదా" అని సీసాలు లెక్కపెడతాం, ఒళ్లు గ్రాములు లెక్కపెడుతుంది.

న్యూజిలాండ్‌లో ఇంకోటి చేశారు. తొడ కండరానికి బాగా నొప్పి పుట్టే వ్యాయామం చేయించి, కిలోకి ఒక గ్రాము చొప్పున మందు ఇస్తే, ఒకటిన్నర రోజు తర్వాత కూడా ఆ కాలి బలం మందు తాగని సారితో పోలిస్తే ఎక్కువగా పడిపోయి ఉంది. కిలోకి అర గ్రాము ఇచ్చినప్పుడు మాత్రం ఆ తేడా కనిపించలేదు. ఇది నీకు అనుకూలంగా ఉన్న విషయం, అందుకే దాచకుండా చెప్తున్నా. నీ బరువుకి అర గ్రాము అంటే 31 గ్రాములు, అంటే ఒక పెద్ద సీసా, ఇంకొంచెం. కానీ ఇది కండరం బలం గురించే. నిద్ర లెక్క వేరు.

నిద్ర దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా దగ్గరికొచ్చిన పిల్లల్లో ఎక్కువ నష్టం ఇక్కడే చూశాను.

తాగితే నిద్ర బాగా పడుతుంది అంటారు. త్వరగా పడుతుంది, అంతవరకు నిజం. రాత్రి మొదటి సగం మొద్దు నిద్ర. ఒంట్లోంచి మందు దిగిపోతున్న కొద్దీ రెండో సగం ముక్కలు ముక్కలవుతుంది, మెలకువ వచ్చి మళ్లీ పడుతుంది, నోరు ఎండుతుంది, బాత్రూమ్‌కి లేస్తావు, పొద్దున్నకి ఎనిమిది గంటలు పడుకున్నానని నువ్వనుకుంటావు గానీ ఒళ్లు ఒప్పుకోదు. కలలొచ్చే నిద్ర ఉంటుందే, అది బాగా తగ్గిపోతుంది. రాత్రి తొలి గాఢ నిద్రలో ఎక్కువగా విడుదలయ్యే గ్రోత్ హార్మోన్ కూడా మందు తాగిన రాత్రి తగ్గుతుంది, ఆ హార్మోన్ పని మరమ్మతే. పైగా ఆ రోజు నేర్చుకున్న కదలికలు, అంటే బ్యాటింగ్‌లో కొత్త స్టాన్స్ అయినా, టెన్నిస్‌లో సర్వ్ అయినా, నీ విషయంలో రెండో ల్యాప్‌లో భుజాలు బిగబట్టకుండా పరిగెత్తడం అయినా, మెదడులో స్థిరపడేది నిద్రలోనే. కోచ్ గంటసేపు అరిచి సరిచేసింది రాత్రికి రాత్రి జారిపోతే సోమవారం మళ్లీ మొదటికొస్తుంది. కోచ్‌గా నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

నా దగ్గర ఒక కుర్రాడుండేవాడు, 1500 పరిగెత్తేవాడు. రోజూ పొద్దున మంచం దిగకముందు నాడి చూసి పుస్తకంలో రాయమంటే, పాపం, ఎందుకో తెలియకుండానే శ్రద్ధగా రాసేవాడు. నాలుగు నెలల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే, మామూలుగా 48, 49 ఉండేది, కొన్ని ఆదివారాలు 57, 58. ఆ తర్వాతి సోమవారం 53. మంగళవారానికి గానీ దారికి రాలేదు. "ఈ ఆదివారాలు ఏం జరిగింది రా" అని అడిగితే నేల చూపులు చూశాడు. నేను ఒక్క మాట అనలేదు, పుస్తకమే చెప్పేసింది. వారానికి ఆరు రోజులు ప్రాక్టీస్ చేస్తున్నానని వాడు అనుకుంటున్నాడు, ఒంటికి పడుతున్నది నాలుగు రోజులదే.

ఇక "ఆదివారం పొద్దున పరిగెత్తి చెమటలో పోగొట్టేస్తా" అన్నావు చూడు, ఆ మాట నేనూ ఇరవై ఏళ్ల వయసులో అనేవాణ్ణి. చెమటలో పోదు తమ్ముడూ. తాగినదాంట్లో తొంభై శాతం పైన లివరే విరగ్గొట్టాలి, చెమట, ఊపిరి, మూత్రం కలిపి పోయేది చాలా కొంచెం. లివర్ దాని వేగంతోనే పనిచేస్తుంది, సుమారుగా గంటకి 7 నుంచి 10 గ్రాములు. పరిగెత్తితే తొందరపడదు, కాఫీ తాగినా పడదు, చన్నీళ్లు పోసుకున్నా పడదు. నీ 77 గ్రాములకి ఎనిమిది నుంచి పదకొండు గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టావనుకో, పొద్దున 5 నుంచి 8 మధ్య ఎప్పుడో ఖాళీ అవుతుంది. నువ్వు ఆరింటికి బూట్లు కట్టుకుని బయల్దేరుతున్నావు. అంటే కొన్ని ఆదివారాలు నువ్వు పరిగెత్తుతున్నది ఇంకా మందు మీదే. బండి నడుపుకుంటూ గ్రౌండ్‌కి వెళ్తుంటే అది ఇంకా పెద్ద సంగతి.

ఒంట్లో మందు దిగిపోయాక కూడా హ్యాంగోవర్ ఉంటుంది కదా. 1993లో రగ్బీ ఆడే విద్యార్థుల మీద చేసిన ఒక పరిశీలనలో, శుక్రవారం రాత్రి మామూలుగా తాగే అలవాటున్న వాళ్లకి మర్నాడు దమ్ము, అంటే ఏరోబిక్ సామర్థ్యం, సుమారు 11 శాతం తగ్గింది. ఒక్కసారి దూకడం, కొద్ది సెకన్ల స్ప్రింట్ లాంటి పనుల్లో మాత్రం అంత తేడా రాలేదు. అందుకే నీ స్నేహితుల్లో షాట్‌పుట్ వేసేవాడు "నాకేం కాలేదు" అంటే నువ్వు నమ్మి మోసపోకు. వాడి పని రెండు సెకన్లు. నీది రెండు నిమిషాలు, ఆఖరి 200 మీటర్లు దమ్ము మీదే నిలబడాలి.

నీళ్ల సంగతి క్లుప్తంగా చెప్తా. ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోన్‌ని మందు అణిచేస్తుంది, అందుకే తాగినదానికంటే ఎక్కువ బయటికి పోయినట్టు అనిపిస్తుంది. చెమట పట్టి ఎండిపోయిన ఒంటికి 4 శాతం బీరు ఇచ్చి చూస్తే, ఆల్కహాల్ లేని పానీయంతో పోలిస్తే రక్తం పరిమాణం మామూలు స్థాయికి రావడం ఆలస్యమైందని 1997లోనే తేల్చారు. దాహానికి బీరు అనేది సరదా మాట మాత్రమే.

"బీర్‌లో కార్బ్స్ ఉంటాయి కదా, గ్లైకోజెన్‌కి పనికొస్తుంది" అని నీకు ఎవరో చెప్పారు. ఎవరో గానీ లెక్క చూసుకోలేదు. గట్టి సెషన్ తర్వాత మొదటి నాలుగైదు గంటలు, కిలో బరువుకి గంటకి ఒక గ్రాము పైన కార్బోహైడ్రేట్ కావాలి, నీకైతే గంటకి 62 నుంచి 75 గ్రాములు. పెద్ద సీసా బీర్‌లో ఉండేది ఇరవై చిల్లర. రాత్రంతా కూర్చుని తాగినవి కలిపినా ఒక గంట కోటాకి సరిపోతుందేమో. మిగతా క్యాలరీలన్నీ ఆల్కహాల్‌వి, గ్రాముకి 7 చొప్పున నీకు 540 దాకా వస్తాయి, అవి కండరంలో గ్లైకోజెన్‌గా నిల్వ కావు. పైగా అసలు నష్టం బీర్‌లో ఏముందన్నది కాదు, దాని మూలంగా నువ్వు ఏం తినకుండా పోయావన్నది. పోటీ అయ్యాక సరిగ్గా భోజనం చెయ్యకుండా ఏవో వేపుళ్లు నంజుకుంటూ పన్నెండింటిదాకా కూర్చుని, అలాగే పడుకుంటావు. ఆ భోజనం పోయినట్టే.

దీనికి సంబంధించే ప్రమాదకరమైన సంగతి ఒకటుంది, చాలామందికి తెలియదు. రక్తంలో చక్కెర తగ్గినప్పుడు లివర్ కొత్తగా చక్కెర తయారు చేసి పంపుతుంది. మందుని విరగ్గొట్టే పనిలో ఉన్నప్పుడు ఆ పని మందగిస్తుంది. పొద్దున పరిగెత్తి గ్లైకోజెన్ ఖాళీ చేసుకుని, తినకుండా రాత్రి తాగితే చక్కెర బాగా పడిపోవచ్చు. తడబాటు, మగత, చెమటలు, అర్థంలేని మాటలు. పక్కనున్నవాళ్లు "బాగా ఎక్కింది వీడికి, పడుకోబెట్టండి" అని వదిలేస్తారు. మీ గుంపులో ఎవరైనా పిలిస్తే పలక్కుండా పడిపోతే, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వెల్లకిలా వద్దు, ఒంటరిగా వదలొద్దు, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి. ఇంట్లో తిడతారని దాచొద్దు.

గాయాల గురించి నా సొంత కథ చెప్తాను. నాకు 23 ఏళ్లప్పుడు ఒక పోటీలో ఆఖరి మలుపులో తొడ వెనక కండరం పట్టేసింది, చిన్న చిరుగే, మూడు వారాల్లో తిరిగి రావచ్చని చూసినవాళ్లన్నారు. ఆ సాయంత్రం బాధలో ఉన్నాను కదా, స్నేహితులు ఓదార్చడానికి తీసుకెళ్లారు, ఓదార్పు బాగానే జరిగింది. పొద్దున లేచేసరికి తొడ వెనక నల్లగా కమిలిపోయి మోకాలి వెనకదాకా వాచింది. గాయం తగిలిన మొదటి రెండు రోజులు వేడి, మందు, పరుగు, మసాజ్ నాలుగూ వద్దని ఫిజియోలు పదే పదే చెప్పేది ఇందుకే. మందు రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది, వాపు పెంచుతుంది, నొప్పి తెలియనివ్వదు కాబట్టి కుంటుతూనే తిరిగేస్తాం. మూడు వారాలది ఏడు వారాలైంది, ఆ సీజన్‌లో నేను గురి పెట్టుకున్న పోటీకి టీవీ ముందు కూర్చున్నాను. మొత్తం తప్పు ఆ ఒక్క రాత్రిదే అని ప్రమాణం చెయ్యలేను గానీ, ఆ వాపు గుర్తొస్తే ఇప్పటికీ తిట్టుకుంటాను.

నొప్పి మాత్ర వేసుకున్న రోజు అసలు ముట్టుకోకు. పారాసిటమాల్‌తో కలిస్తే భారం లివర్ మీద, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివాటితో కలిస్తే కడుపులో పుండు, రక్తస్రావం భయం. తలకి దెబ్బ తగిలిన రోజైతే ఇంకా ససేమిరా, ఎందుకంటే మెదడుకి దెబ్బ తగిలిన లక్షణాలూ తాగిన లక్షణాలూ ఒకేలా ఉంటాయి, అసలు ప్రమాదం ఎవరూ గుర్తుపట్టలేరు.

నీ వయసు గురించి ఒక మాట. మెదడులో ముందుభాగం, ఆలోచించి ఆగే భాగం, పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. చిన్న వయసులో మందు తాగితే పెద్దవాళ్లంత త్వరగా నిద్రమత్తు రాదు, కాళ్లు తడబడవు, అందుకే "నేను ఎంత తాగినా నిలబడతా" అన్న ధీమా వస్తుంది. జ్ఞాపకశక్తి మీద మాత్రం దెబ్బ ఎక్కువే పడుతుంది. ఒళ్లు ఆపమని చెప్పే గంట నీ వయసులో ఆలస్యంగా మోగుతుందన్నమాట. మీ జట్టులో 15, 16 ఏళ్ల పిల్లలు కూడా మీతో వచ్చి కూర్చుంటారని రాశావు. వాళ్ల విషయంలో నాకు కొలతలూ గ్రాములూ ఏమీ లేవు, వాళ్లకి ఒక్క చుక్క కూడా వద్దు, తీసుకెళ్తున్న నువ్వు ఆ సంగతి చూసుకోవాలి. అలాగే మీ జట్టులో ఆడపిల్లలు ఎవరైనా తాగుతుంటే, అదే బరువున్న మగవాడితో సమానంగా తాగినా వాళ్ల రక్తంలో మందు ఎక్కువ చేరుతుంది, ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి. పోటీపడి తాగడం అక్కడ ఇంకా చెడ్డ ఆలోచన.

"ముందు ఒక్కటి వేస్తే టెన్షన్ తగ్గుతుంది" అనేవాళ్లూ ఉంటారు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో స్వీడన్‌కి చెందిన హాన్స్ గున్నార్ లిల్యెన్వాల్ అనే మోడర్న్ పెంటాథ్లాన్ (ఐదు ఆటలు కలిసిన పోటీ) ఆటగాడు ఇదే చేశాడు. పిస్టల్ షూటింగ్ ముందు చెయ్యి వణక్కుండా రెండు బీర్లు తాగానని చెప్పాడు. ఒలింపిక్స్‌లో డోపింగ్ కింద అనర్హుడైన మొట్టమొదటి ఆటగాడు అతనే. జట్టు మొత్తం కాంస్య పతకం తిరిగి ఇచ్చేసింది. తర్వాత చాలా ఏళ్లు ఆర్చరీ లాంటి కొన్ని ఆటల్లో మందు నిషేధ జాబితాలో ఉండి, 2018 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ దాన్ని తీసేసింది, ఆ సంగతి ఆయా క్రీడల సమాఖ్యలే చూసుకుంటాయి. జాబితాలో లేదు కాబట్టి పర్లేదు అని ఒకడు నాతో వాదించాడు. జాబితాలో రాత్రంతా ఫోన్ చూడటం కూడా లేదు కదా అన్నాను.

పెద్ద ఆటగాళ్లు తాగుతారు కదా అన్నది నీ లిస్టులో చివరి వాదన. తాగారు, కొందరు గెలిచారు కూడా. కానీ వాళ్లేం చెప్పారో కూడా చూడాలి. ఆస్ట్రేలియా క్రికెటర్ రికీ పాంటింగ్ 24 ఏళ్లప్పుడు, 1999లో, నైట్‌క్లబ్ గొడవ తర్వాత తనకి తాగుడు సమస్య ఉందని విలేకరుల ముందు ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే కదా అతను కెప్టెన్ అయింది, రెండు ప్రపంచ కప్పులు ఎత్తింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ కెప్టెన్‌గా ఉండగానే టోనీ ఆడమ్స్ 1996లో తాను తాగుడికి బానిసనని చెప్పాడు, మానేశాడు, ఆరేళ్లు ఆడాడు, 2000లో తనలాంటి క్రీడాకారుల చికిత్స కోసం ఒక కేంద్రం కూడా పెట్టాడు. తాగుతూ నిలబడ్డవాళ్ల పేర్లే మనకి వినపడతాయి, తాగుతూ జారిపోయినవాళ్లు సెలెక్షన్స్ దాటలేదు కాబట్టి వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు, నాకు మాత్రం ఒక పది పన్నెండు మంది గుర్తున్నారు.

ఇప్పుడు న్యాయంగా ఒక మాట. నీ 1:58 కి కారణం మందే అని నేను చెప్పలేను. ఐరన్ తక్కువై ఉండొచ్చు, వారంలో గట్టి సెషన్లు ఎక్కువై ఉండొచ్చు, తిండి చాలకపోవచ్చు, పరీక్షల నిద్రలేమి ఉండొచ్చు. రక్తపరీక్ష ఒకటి చేయించుకో, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ కూడా చూడమను. కానీ ఇవన్నీ వెతకాలంటే ముందు మందు అనే గోల పక్కన పెట్టాలి, లేకపోతే ఏది దేనివల్లో తేలదు.

ఆరు వారాలు పూర్తిగా ఆపెయ్. జీవితాంతం అనడం లేదు, ఆరు వారాలు. ఒక పుస్తకం పెట్టుకో. రోజూ మంచం దిగకముందు నాడి, ఎన్ని గంటలు పడుకున్నావు, ఎన్నిసార్లు లేచావు, సోమ మంగళవారాల్లో రిపీట్లు ఎంతెంతలో వచ్చాయి, ఆఖరి రెండు రిపీట్లకి మొదటి రెండింటికి తేడా ఎంత. నాలుగు గీతలు చాలు, వ్యాసం రాయక్కర్లేదు. నాకు తెలిసి మొదట మారేది ఆదివారం నాడి, ఆ తర్వాత ఆఖరి రిపీట్లు. రేస్ టైమింగ్ చివర్లో మారుతుంది, దానికి ఆరు వారాలు చాలకపోవచ్చు కూడా, తొందరపడి తీర్పు చెప్పకు.

ఆ తర్వాత కూడా తాగుతాను అంటే నీ ఇష్టం, పెద్దవాడివి, కానీ కొన్ని పట్టింపులు పెట్టుకో. ముందు భోజనం, నీళ్లు పూర్తిగా అయ్యాకే. ఒక పెద్ద సీసా దాటొద్దు. గాయం, నొప్పి మాత్ర, తల దెబ్బ ఉన్న రోజు లేదు. పోటీకి ముందు రెండు రోజులు, సీజన్‌లో ముఖ్యమైన నెల మొత్తం లేదు. మందులో ఎనర్జీ డ్రింక్ కలపొద్దు, మత్తు తెలియకుండా చేసి ఎక్కువ తాగిస్తుంది. ఆరోగ్యానికి ఇంత అయితే పర్లేదు అనే సురక్షితమైన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, కాబట్టి నేను చెప్పిన సీసాని లైసెన్స్ అనుకోకు.

నీ ప్రశ్నలో నువ్వు రాయకుండా వదిలేసింది ఒకటి నాకు కనిపించింది. తాగకపోతే గుంపులోంచి వేరుపడిపోతానని భయం. ఆ భయం నిజమైనదే, చిన్నది కాదు, జట్టంటే సగం ఆ శనివారం రాత్రులే. వెళ్లు, మానకు. కూర్చో, తిను, నవ్వు, పదిన్నరకి లే. చేతిలో ఏదో ఒక గ్లాసు ఉంటే సగం మంది అడగరు. అడిగినవాళ్లకి "ఆరు వారాలు టైమింగ్ కోసం చూస్తున్నా" అని చెప్పు. ఆటగాళ్లకి టైమింగ్ మాట వెంటనే అర్థమవుతుంది, ఒళ్లు బాలేదని అబద్ధం చెప్పాల్సిన పని లేదు. నా దగ్గర ఒక బ్యాచ్‌లో ఒక్కడు ఇలా మొదలుపెడితే రెండు నెలలకి ముగ్గురయ్యారు. మిగతావాళ్లు తాగుతూనే ఉన్నారు, స్నేహమూ అలాగే ఉంది.

ఈ ఆరు వారాల్లో శనివారం వచ్చేసరికి మనసు మనసులో లేకపోవడం, ఒక్కసారి అని మొదలుపెట్టి ఆపలేకపోవడం, పొద్దున్నే చెయ్యి వణకడం లాంటివి కనిపిస్తే అది టైమింగ్ సమస్య కాదు, అప్పుడు డాక్టర్‌ని కలువు, సిగ్గుపడకు. రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక్కసారిగా సొంతంగా ఆపెయ్యకండి, అది ప్రమాదం, డాక్టర్ సలహాతోనే.

కోచ్‌కి చెప్పాలా అన్నావు. చెప్పు. కానీ ఇవాళ కాదు, మూడు వారాల పుస్తకం చేతిలో పట్టుకుని వెళ్లి చెప్పు. "సార్, శనివారాలు తాగేవాణ్ణి, ఆపాను, ఇదిగో నా నాడి" అని పుస్తకం ఇస్తే తిట్టే కోచ్‌లు ఉంటారు, నాకు తెలుసు, ఒక పది నిమిషాలు తిడతారు. తర్వాత ఆ అంకెలు చూడకుండా ఉండలేరు. ఆదివారం పరుగుని మారుద్దామా, సోమవారం సెషన్‌ని మంగళవారానికి జరుపుదామా అని వాళ్లే అడుగుతారు.